మెడ వెనక టిచ్ బటన్

పిల్లల ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ముప్ఫై ఆరేళ్ళుగా పని ఒకే మాటతో మొదలవుతోంది: "విప్పండి." నమస్కారం లేదు, ఏమైందని పరామర్శ లేదు. తల్లి బిడ్డని చంకనేసుకుని గుమ్మంలో అడుగు పెట్టీపెట్టకముందే లోపలినుంచి ఆ మాట వచ్చి పడేది. అందుకే నర్సులంతా ఎక్స్‌రే మాస్టారికి చాటుగా "విప్పండిగారు" అని పేరు పెట్టుకున్నారు. చాటుగా అనడం కూడా అబద్ధమే. ఆయనకా సంగతి తెలుసు, తెలిసి మీసాల్లో నవ్వుకునేవాడు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఫిల్ములో ఎముకా తెల్లగానే పడుతుంది, బనియనుకి గుచ్చి మరిచిపోయిన పిన్నీసూ తెల్లగానే పడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడి ఊపిరితిత్తిలో మేకు ఉందని ఆస్పత్రంతా గగ్గోలు పెడితే, తీరా అది వాడి చొక్కా జిప్పు పట్టీ అని తేలింది. ఆ రోజు పెద్ద డాక్టరు నలుగురి ముందూ పెట్టిన చివాట్లు మాస్టారు ఇప్పటికీ పొల్లుపోకుండా అప్పజెప్పగలడు. అప్పటినుంచీ ఆయన గదిలో నడుము పైన నూలుపోగు ఉండడానికి వీల్లేదు. చలి అన్నా వినడు, జ్వరం అన్నా వినడు, అమ్మమ్మలూ నాయనమ్మలూ గడ్డం పుచ్చుకుని బతిమాలినా వినడు. ఫిల్ముల్లో జబ్బు వేషం కట్టి దొరికిపోయిన జడపిన్నులూ, హుక్కులూ, పూసలూ ఒక బిస్కట్ల డబ్బాలో దాచిపెట్టి, కొత్తగా చేరినవాళ్ళకి చూపించి బెదరగొట్టేవాడు.

ఇలాంటి మనిషికి ఈ మధ్య ఒక సవతి దాపురించింది. అది చక్రాల బండి మీద వచ్చిన చిన్న అల్ట్రాసౌండ్ మిషను. ఎమర్జెన్సీ వార్డులో ఉండే చిన్న డాక్టరమ్మ దాన్ని మంచం పక్కకి తోసుకెళ్ళి, ఇంత జిగురు రాసి, పిల్లాడు తల్లి ఒళ్ళోంచి దిగకుండానే పొట్టా, ఊపిరితిత్తీ, విరిగిన ముంజేయీ అన్నీ చూసేస్తోంది. నాలుగేళ్ళ కిందట శిక్షణలో ఉన్నప్పుడు మూడు నెలలపాటు మాస్టారి గదిలో స్టూలు మీద కూర్చుని ఫిల్ములు చదవడం నేర్చుకున్న పిల్ల ఆవిడ. ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళలో ఇంత చురుకైన పిల్లని చూడలేదని ఆయనే పది మందికి చెప్పాడు. అదే ఆయన కడుపుమంట. పరాయివాళ్ళు ఆ బండి తోసుకుంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రోజు పొద్దున్న టీ వంకతో ఎమర్జెన్సీలోకి వెళ్ళి ఆయన కావాలనే కయ్యానికి కాలు దువ్వాడు.

"ఏం డాక్టరమ్మా, పొద్దున్నుంచీ నా గదిలో ఈగలు తోలుకుంటున్నాను. పిల్లలందరికీ ఒక్కసారే జబ్బులు తగ్గిపోయాయా, లేకపోతే మీ బొమ్మ టీవీయే అన్నీ చూసిపెడుతోందా?"

"అదే చూసిపెడుతోంది మాస్టారూ," అంది ఆవిడ నవ్వుతూ. "ఇందాక దగ్గుతో వచ్చిన బాబుకి నిమోనియా అని ఇక్కడే తెలిసిపోయింది. వాడు నిద్ర కూడా లేవలేదు. మీరూ ఓసారి పట్టుకుని చూడండి, నేర్పిస్తాను."

ఆ "నేర్పిస్తాను" అనే మాట సరిగ్గా తగలకూడని చోట తగిలింది.

"నాకా? అందులో ఏముందమ్మా, వాన పడుతుంటే కిటికీలోంచి చూసినట్టు అంతా బూడిద రంగు. ముందు ఫిల్ము సరిగ్గా చదవడం నేర్చుకోండి, టీవీలు తరవాత చూద్దురుగాని."

పక్కనే ఇద్దరు నర్సులున్నారు. మందుల అలమర దగ్గర పెద్ద సిస్టరు ఉంది. చిన్న డాక్టరమ్మ మొహం మాడిపోయింది. మాట జారితే తీసుకోలేమని పిల్లలకి చెప్పే వయసు మాస్టారిది. తన గదికి తిరిగి వెళ్తూ నాలుగడుగులు వేసేసరికే అనకుండా ఉండాల్సిందనిపించింది. వెనక్కెళ్ళి ఆ మాటే చెబితే సరిపోయేది. మీసం అడ్డొచ్చింది.

పదకొండు దాటుతుండగా ఆయన కూతురు పిల్లని ఎత్తుకుని ఎమర్జెన్సీలోకి పరిగెత్తుకొచ్చింది.

పిల్లకి ఏడాదిన్నర. బుగ్గలూ పొట్టా కలిసి గుండ్రంగా ఉంటుందని మాస్టారు "బుడంకాయ" అని పిలుస్తాడు. ఆయన పిలుపు విని ఇల్లంతా అలాగే పిలుస్తోంది. అసలు కంటే వడ్డీ ముద్దంటారు, మాస్టారి విషయంలో ఆ ముద్దు కాస్త హద్దు దాటింది. ఆయన గదిలో ఫిల్ములు పెట్టి చూసే తెల్లదీపం పెట్టె మీద పిల్లల ఊపిరితిత్తుల కంటే బుడంకాయ ఫొటోలే ఎక్కువ. అమ్మా, నాన్నా అనకముందే "తాతా" అందని ఆయన ప్రచారం. కూతురు ఒప్పుకోదు.

"తొమ్మిదింటికి పాలు తాగుతూ తాగుతూ కక్కేసింది," అని డాక్టరమ్మకి చెబుతోంది కూతురు. "సరే పడలేదేమోనని జోకొట్టి పడుకోబెట్టాను. లేచాక మంచినీళ్ళు కూడా మింగట్లేదు. ఒకటే చొంగ. గొంతు నొప్పేమో అనుకున్నాను గానీ..."

"ఏమైనా నోట్లో పెట్టుకుందా?"

"నేను చూడలేదు."

డాక్టరమ్మ పిల్ల నోరు తెరిచి చూసింది, ఛాతీకి స్టెతస్కోపు పెట్టి విన్నది. ఆవిడ చెయ్యి అలవాటుగా పక్కనున్న మిషను మీదికి వెళ్ళి, ఆగింది. పొద్దున్న పడ్డ మొట్టికాయ ఇంకా నెత్తిన చురుక్కుమంటూనే ఉంది. ఏదైనా మింగిందేమోనన్న అనుమానానికి ముందు చూడాల్సింది కూడా ఎక్స్‌రేయే. మెడా ఛాతీ కలిపి ఎదురునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫిల్ములు తీయాలని చీటీ రాసి పంపింది.

ఎక్స్‌రే గదిలో జూనియర్ అమ్మాయి అప్పటికే మిషను దగ్గర నిలబడి ఉంది.

"సార్, నేను తీస్తాను. మీరు బయట ఉండండి, ఇంట్లోవాళ్ళకి మనం తీయకూడదంటారు కదా."

"ఎవరంటారు?"

"మీరే అన్నారు సార్."

"ఇంకొకళ్ళకి అన్నాను. నా మనవరాలిని ఇంకొకరు బల్ల మీద పడుకోబెట్టడమేమిటి? నువ్వెళ్ళి ఆ గుమ్మం దగ్గర చీటీలు చూసుకో."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. గర్భిణి కాబట్టి కూతురు లోపలికి రావడానికి వీల్లేక గుమ్మం బయటే ఉండిపోయింది. రెండో నెల, ఇంకా ఎవరికీ చెప్పలేదు, తండ్రికి మాత్రం ఆ క్షణంలో సైగతో చెప్పింది. ఆయనకి సంతోషపడే తీరిక లేదు. సీసం కోటు వేసుకుని పిల్లని తనే ఎత్తుకున్నాడు.

బుడంకాయ ఒంటిమీద కుందేలు బొమ్మ గౌను ఉంది. వారం రోజులుగా స్నానానికి తప్ప దాన్ని విప్పనివ్వడం లేదు. మెడ వెనక వెండిలా మెరిసే నాణెమంత టిచ్ బటన్. మాస్టారి బొటనవేలు అలవాటుగా దాని మీదికి వెళ్ళింది. అంతే, పిల్ల రెండు చేతులతో గౌను పట్టుకుని, చొంగతో తడిసిన మొహం ఆయన మెడలో దూర్చి, "తాతా! తాతా!" అని గుక్కపట్టింది. అది గొంతు నొప్పి ఏడుపో, గౌను ఏడుపో, మొత్తం మీద గుండెని పిండేసే ఏడుపు.

"సరేలే తల్లీ, సరేలే. విప్పన్లే," అన్నాడు విప్పండిగారు.

ఎదురు ఫిల్ము తీశాడు. పక్క ఫిల్ము కోసం తిప్పబోతే పిల్ల విల్లులా వంగిపోయింది, అది మానేశాడు. తెర మీద బొమ్మ వచ్చింది. మెడ కింద, గూడ ఎముకల మధ్య, గుండ్రంగా తెల్లటి బిళ్ళ. అంచు చుట్టూ లోపలగా ఇంకో గీత, వలయంలో వలయం. ఒక్క క్షణం ఆయన తెర మీదికి వంగిపోయాడు. మరుక్షణమే బొటనవేలికి టిచ్ బటన్ గుర్తొచ్చింది. సరిగ్గా అదే చోటు, దాదాపు అదే కొలత, బటన్‌కీ అంచు ఉంటుంది. "హమ్మయ్య" అని పైకే అనేసి, కంప్యూటర్లో ఆ బొమ్మ కింద "దుస్తుల బటన్" అని టైపు చేశాడు. ముప్ఫై ఆరేళ్ళలో ఇంకెవరైనా అలా రాసి ఉంటే ఆ మనిషికి బిస్కట్ల డబ్బా నెత్తిన బోర్లించి ఉండేవాడు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ తన కంప్యూటర్లో ఆ ఫిల్ము చూసింది. చాలాసేపు చూసింది. "పక్కనుంచి తీసింది ఏది?" అని అడగాలనుకుంది. గౌను ఎందుకు విప్పలేదని అడగాలనుకుంది. కింద రాసిన రెండు మాటలు చూసింది. మాస్టారు బటన్ అన్నారంటే బటనే. ఫిల్ము చదవడం రాదని పొద్దున్నే అనిపించుకున్న మనిషి మళ్ళీ వెళ్ళి ఏమని అడుగుతుంది? గొంతు వాపేమోనని మందు రాసి, కాసేపు మంచం మీదే ఉంచి చూద్దామంది.

అలా ఇరవై నిమిషాలు గడిచిపోయాయి.

ఆ ఇరవై నిమిషాల్లో సగం సేపు మాస్టారు పిల్లని భుజాన వేసుకుని వార్డులో అటూ ఇటూ తిప్పాడు. చొంగ తగ్గలేదు. గౌను ముందంతా తడిసి ముద్దయింది. పెద్ద సిస్టరు తువ్వాలు పట్టుకొచ్చింది. ఆవిడా ఆయనా ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు, ఆయన్ని ఎంత మాటైనా అనగల మనిషి ఆస్పత్రిలో ఆవిడొక్కతే.

"ఏమిటండీ ఇది, పిల్ల తడిసిపోయి వణుకుతోంది. ఊళ్ళో వాళ్ళందరికీ విప్పండి విప్పండి అంటారు, ఇంట్లో పిల్లకి ఒక్క గౌను మార్చలేరా?"

పిల్లకి ఏడ్చే ఓపిక కూడా తగ్గింది. ఈసారి అడ్డుకోలేదు. మాస్టారు మెడ వెనక బటన్ పట్టుకుని లాగాడు. అది ఊడి వచ్చిన తీరు ఆయన వేలికి నచ్చలేదు. టప్పుమని రావాల్సింది మెత్తగా వచ్చింది. గోటితో గీరి చూశాడు. వెండి పూత లేచి తెల్లటి పొడి రాలింది.

ప్లాస్టిక్.

ప్లాస్టిక్ ఎక్స్‌రేలో పడదు. గాజుకి పడే పాటి నీడ కూడా పడదు. ఈ సంగతి గుమ్మం దగ్గర చీటీలు చూసుకునే అమ్మాయికి కూడా తెలుసు. మరి ఫిల్ములో పడిన బిళ్ళ ఏది?

మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అలా పడ్డాడు. కానీ బల్లికైతే తను ఒక్కదానికే ప్రమాదం. పిల్లని పెద్ద సిస్టరు చేతిలో పెట్టి, మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడమే మానేసిన మనిషి వార్డు ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెత్తాడు.

"డాక్టరమ్మా, అది బటన్ కాదు. బటన్ ప్లాస్టిక్. బిళ్ళ లోపలుంది. వలయంలో వలయం ఉంది, నాణేనికి అలా ఉండదు, నేను చూశాను, చూసి కూడా కాదనుకున్నాను. తప్పు నాది. బ్యాటరీ అమ్మా అది. బటన్ బ్యాటరీ."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి పడింది. నాణెమైతే ఇంత భయం లేదు. బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలిన చోటల్లా లోపలి కండని కాల్చుకుంటూ పోతుంది. రెండు గంటలు చాలు. తొమ్మిదింటికి కక్కిన పిల్ల, ఇప్పుడు పన్నెండు కావస్తోంది.

"మళ్ళీ తీసుకొస్తాను, పక్క ఫిల్ము కూడా తీస్తాను," అన్నాడు ఆయన.

"అంత వ్యవధి లేదు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. సిస్టర్, ఎండోస్కోపీ డాక్టరుగారికి ఫోన్ చేయండి, మత్తు డాక్టరుగారిని కూడా పిలవండి. బటన్ బ్యాటరీ, ఏడాదిన్నర పాప అని చెప్పండి."

బండి చక్రాలు గిర్రున తిరిగి మంచం పక్కకొచ్చాయి. డాక్టరమ్మ జిగురు సీసాని ముందు తన అరచేతుల మధ్య రుద్ది, వేడెక్కాక పిల్ల మెడ మీద ఒక చుక్క వేసింది. ఎంత హడావిడిలోనూ చల్లటి జిగురు పిల్ల ఒంటిమీద పడనివ్వదు ఆవిడ. మాస్టారు ఆ సంగతి ఇదే మొదటిసారి గమనించాడు. బుడంకాయ ఆయన ఛాతీకి ఆనుకుని, మెడ మీద మెత్తగా జారుతున్న దాన్ని వింతగా చూస్తూ ఊరుకుంది. ఎవరూ ఎక్కడికీ మోసుకుపోలేదు, బల్ల మీద పడుకోబెట్టలేదు.

"ఇదిగో శ్వాసనాళం. నల్లగా, గుండ్రంగా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "దాని వెనక ఎడం పక్కన చూడండి మాస్టారూ."

ఆయన చూశాడు. వాన కిటికీ అన్నాడే పొద్దున్న, ఆ బూడిద రంగులో ఒక తెల్లటి గీత తళుక్కుమంటోంది. దాని కింద కత్తితో కోసినట్టు నీడ. కంటికింత స్పష్టంగా కనిపిస్తున్నది తన మనవరాలి గొంతులో ఉండకపోతే, అబ్బ ఎంత బాగా కనిపిస్తోందమ్మా అని ఉండేవాడు.

"ఉంది," అన్నాడు.

ఆ తరవాత పనులు పరుగెత్తాయి. ఆపరేషన్ గది సిద్ధం కావడానికి పావుగంట పడుతుందన్నారు. అంతవరకూ పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె మింగించమంది డాక్టరమ్మ. బ్యాటరీ చుట్టూ పూతలా పట్టి కాల్చే వేగం తగ్గిస్తుందట. ఇలాంటి వాటికోసమే వార్డులో ఉంచిన సీసాని పెద్ద సిస్టరు తెచ్చింది. కూతురి చేతిలోంచి మాస్టారు చెంచా తీసుకున్నాడు. సగం తేనె చొంగతో పాటు గడ్డం మీదికి కారింది. మిగిలిన సగం పిల్ల కష్టపడి మింగి, ఇంకా కావాలని నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు చూసి పెద్ద సిస్టరు పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది.

అల్లుడు ఇంట్లో అంతా వెతికి ఫోన్ చేశాడు. వంటింట్లో పిండి తూచుకునే చిన్న మిషను గట్టు కింద పడి ఉందట, వెనక మూత ఊడిపోయి ఉందట, లోపల బ్యాటరీ లేదట.

పిల్లని తీసుకెళ్ళిపోయారు. నడవాలో బెంచీ మీద తండ్రీ కూతురూ కూర్చున్నారు. తన గది బయట ఇలాంటి బెంచీ మీద వేలమంది కూర్చోవడం మాస్టారు చూశాడు. వాళ్ళు అన్ని సార్లు లేచి అన్ని సార్లు తలుపు వైపు ఎందుకొస్తారో ఆయనకి అర్థమయ్యేది కాదు, విసుక్కునేవాడు కూడా. ఆ అరగంటలో ఆయన పదకొండుసార్లు లేచాడు.

చివరికి ఎండోస్కోపీ డాక్టరు బయటికొచ్చాడు. చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో ఒక పక్క నల్లబడిన బ్యాటరీ.

"వచ్చేసింది. రంధ్రం పడలేదు, అది చాలా అదృష్టం. కానీ ఒక పక్క కాలి పుండు పడింది. కొన్నాళ్ళు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పడతాం. మానుతుందనే అనుకుంటున్నాను. నెలరోజులు మాత్రం జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి."

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. మాస్టారు ఏడవలేదు.

"ఇరవై నిమిషాలు ముందు తీసి ఉంటే?" అని అడిగాడు.

"అలా లెక్క చెప్పలేమండీ," అన్నాడు డాక్టరు. తోటి ఉద్యోగి మీద జాలితో అన్న మాట అది. జాలి పడ్డాడంటేనే లెక్క ఉందని మాస్టారికి అర్థమైంది.

కూతురు లోపల పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు చిన్న డాక్టరమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"మీ అమ్మాయికి నేను చెబుతాను మాస్టారూ. ఫిల్ము చూసి సరేనన్నది నేను. పక్క ఫిల్ము ఏదని అడగలేదు. అనుమానం వచ్చి కూడా అడగలేదు."

"ఎందుకడగలేదో నాకు తెలుసు."

ఆవిడ మెడలోని స్టెతస్కోపు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీకు ఫిల్ము చదవడం వచ్చమ్మా. నాకంటే బాగా వచ్చు. పొద్దున్న నేనన్నది ఒట్టి కడుపుమంట, ఇంకేం కాదు. మీ కళ్ళు చెప్పింది మానేసి నా మాట విన్నారు చూడండి, ఆ ఒక్కటే మీ తప్పు. ఇకముందు ఎవరి మాటా అలా వినకండి, నా మాట అసలు వినకండి."

"పొరపాట్ల రిజిస్టర్లో నా పేరు కూడా రాస్తాను."

"రాయండి. నా పేరు కింద రాయండి. అమ్మాయికి మాత్రం నేనే చెప్పాలి."

సాయంత్రం వెలుగు వార్డు కిటికీల్లోంచి వాలుగా పడుతోంది. బుడంకాయ మత్తు ఇంకా పూర్తిగా వదలక నిద్రపోతోంది. ముక్కుకి సన్నటి గొట్టం, బుగ్గ మీద టేపు. కూతురు మంచం పక్క స్టూలు మీద కూర్చుని పిల్ల అరికాలు పట్టుకుని ఉంది. మాస్టారు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నీకో మాట చెప్పాలి."

"కూర్చో నాన్నా. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

"నిలబడే చెబుతాను."

చెప్పాడు. గౌను విప్పలేదని, పక్క ఫిల్ము తీయలేదని, బిళ్ళని చూసి బటన్ అని తనే రాశానని, ఆ ఇరవై నిమిషాలూ అది లోపల కాలుతూనే ఉందని. ఒక్కటీ దాచలేదు, ఒక్కటీ మెత్తబరచలేదు. చెబుతున్నంతసేపూ మంచం కమ్మీ పట్టుకునే ఉన్నాడు.

కూతురు తలెత్తి చూసింది. ఆ చూపులో మొదట ఏమీ అర్థం కానితనం, తరవాత కోపం.

"లోకంలో పిల్లలందరి చేతా విప్పించావే! నాకు ఆరేళ్ళప్పుడు చెయ్యి విరిగితే నా చేత కూడా విప్పించావు, నాకింకా గుర్తుంది. చెయ్యి కదిపితే ప్రాణం పోతుంటే చొక్కా కత్తిరించి మరీ విప్పించావు. దీనికొక్కదానికి విప్పలేకపోయావా?"

"ఏడ్చిందమ్మా."

"అందరూ ఏడుస్తారు."

"అందరూ అమ్మా అని ఏడుస్తారు. ఇది తాతా అని ఏడ్చింది."

"నేను నాన్నా అనే ఏడ్చాను."

మాస్టారు పిల్ల మీది దుప్పటి సర్దాడు. పిల్ల ఛాతీ పైకీ కిందికీ లేచి పడుతుంటే అదే చూస్తూ నిలబడ్డాడు.

"అప్పుడు చిన్నవాణ్ణమ్మా," అన్నాడు చివరికి. "గుండె గట్టిగా ఉండేది."

కూతురి కోపం అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు మాత్రం నిండిపోయాయి. వంగి పిల్ల పాదాన్ని బుగ్గకి ఆనించుకుంది. కాసేపటికి, అటు తిరిగే మాట్లాడింది.

"తొమ్మిదింటికి కక్కితే రెండు గంటలు జోకొట్టాను నాన్నా. హాయిగా పాట పాడుతూ జోకొట్టాను. నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు."

"నీకెలా తెలుస్తుంది తల్లీ?"

"ఊఁ," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత తండ్రి వైపు తిరిగింది. "ఇంకో అరగంటలో మళ్ళీ ఎక్స్‌రే తీస్తారట. గొట్టం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి. నువ్వు తీయొద్దు."

ఆయన తల దించుకున్నాడు. "తీయనమ్మా. చచ్చినా తీయను. ఆ అమ్మాయికి చెప్పి వస్తాను, నేను అసలు ఆ గదిలోకే రాను."

"రాకపోతే ఎలా? నేను లోపలికి వెళ్ళకూడదు కదా," అంది కూతురు, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని. "అది లేచి మళ్ళీ తాతా అని ఏడుస్తుంది. పలకడానికి పక్కన నువ్వుండాలి."